చీజ్‌కేక్ ఫ్యాక్టరీలో కుటుంబంతో భోజనం: టేబుల్ దొరకడం నుంచి మిగిలిన ముక్కను దాచుకోవడం వరకు

అమెరికాకు కొత్తగా వచ్చినవారు, ఊరి నుంచి అమ్మానాన్నలను రప్పించుకున్నవారు పదేపదే అడిగే ప్రశ్న ఇది: చీజ్‌కేక్ ఫ్యాక్టరీ అనే రెస్టారెంట్ల గొలుసులో ఒక శాఖకు వెళితే ఏం చెప్పాలి, ఎంత చెప్పాలి, శాకాహారులకు ఏం దొరుకుతుంది? అక్కడి మెనూలో 250కి పైగా వంటకాలు ఉంటాయి. క్రీమ్ చీజ్‌తో చేసే తీపి అయిన చీజ్‌కేకులే 30 రకాలకు పైగా ఉంటాయి. ఆ మెనూ ముందు కూర్చున్నాక ఆలోచించడం మొదలుపెట్టినవారు ఆకలి మీద కంటికి నచ్చినవన్నీ చెప్పేసి, ఏ తీపి కోసం అంత దూరం వచ్చారో దానికి కడుపులో చోటు లేకుండా లేచిపోతారు. అందువల్ల ఈ మార్గదర్శి అంతా ఒకే సూత్రం మీద నడుస్తుంది: చివర తినవలసినదాన్ని ముందు నిర్ణయించుకుని, మిగతా భోజనాన్ని దాని నుంచి వెనక్కి లెక్క వేసుకోవాలి.

ఇక్కడ చెప్పినవి అమెరికాలోని శాఖలకు వర్తిస్తాయి. దుబాయి వంటి గల్ఫ్ నగరాల్లోని శాఖల్లో పంది మాంసం, మద్యం ఉండవు. టిప్పు పద్ధతి కూడా వేరు.

1. రోజు, వేళ ఎంచుకోవడం

ఈ రెస్టారెంట్లలో ఎక్కువ భాగం పెద్ద మాల్స్‌లోనో వాటి పక్కనో ఉంటాయి. అందుచేత మాల్‌కు జనం వచ్చే వేళే ఇక్కడ కూడా రద్దీ వేళ. శుక్రవారం సాయంత్రం, శనివారం, ఆదివారం మధ్యాహ్నం గంటసేపు నిరీక్షించవలసి రావడం మామూలే. మదర్స్ డే, వాలెంటైన్స్ డే, జూలై 30న వచ్చే జాతీయ చీజ్‌కేక్ దినం నాడు పెద్దవారితో, పసిపిల్లలతో వెళ్లకపోవడమే మంచిది.

సెలవు పెట్టగలిగితే పనిరోజు ఉదయం పదకొండున్నరకు గానీ, మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో గానీ వెళ్లండి. సోమవారం నుంచి శుక్రవారం వరకు సాధారణంగా సాయంత్రం 5 గంటల దాకా కొన్ని వంటకాలను లంచ్ పరిమాణంలో, తక్కువ ధరకు ఇస్తారు. ఆ పళ్లెం ఒక మనిషికి సరిగ్గా సరిపోతుంది, తీపికి చోటు మిగులుతుంది. నా దృష్టిలో అక్కడ భోజనం చేయడానికి ఇంతకంటే మంచి వేళ లేదు.

చాలా శాఖలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో రిజర్వేషన్ తీసుకుంటున్నాయి. మీరు వెళ్లే శాఖ తీసుకుంటుందో లేదో వెబ్‌సైట్‌లో ముందే చూసుకోండి. మాల్‌కు ఏ వైపు ద్వారం దగ్గర రెస్టారెంట్ ఉందో కూడా అప్పుడే చూసుకుంటే, మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని మాల్ అంతా నడిపించే పని తప్పుతుంది.

2. బయల్దేరే ముందు ఇంట్లో చేయవలసినవి

మెనూ మొత్తం ధరలతో సహా వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. ముందురోజు రాత్రి దాన్ని టీవీ మీద గానీ ల్యాప్‌టాప్ మీద గానీ తెరిచి, ఇంట్లో అందరూ కలిసి చూడండి. ఇంగ్లిషు రాని పెద్దవారికి ఒక్కొక్క వంటకంలో ఏముంటుందో తీరిగ్గా చెప్పగలిగేది అప్పుడే. సర్వర్ ఎదురుగా నిలబడ్డాక వారు "మీకేది మంచిదనిపిస్తే అదే చెప్పండి నాయనా" అని ఊరుకుంటారు, ఆ తరువాత వచ్చినదాన్ని తినలేక పక్కకు నెడతారు.

బయల్దేరేటప్పుడు సరిచూసుకోవలసినవి:

- ఎవరు ఏ చీజ్‌కేక్ రుచి చూడాలనుకుంటున్నారో రాసుకున్నారా?
- గుడ్డు, వేరుశెనగ, జీడిపప్పు, మద్యం కలిసిన తీపి: వీటిలో ఎవరికి ఏది పనికిరాదో రాసుకున్నారా?
- చక్కెర వ్యాధి ఉన్నవారి మాత్రలు వెంట ఉన్నాయా?
- పెద్దవారికి స్వెటర్ గానీ శాలువా గానీ పెట్టుకున్నారా? లోపల ఏసీ చలి గట్టిగా ఉంటుంది.
- మిగిలినవి తెచ్చుకోవడానికి ఐస్ ప్యాకుతో ఒక కూలర్ బ్యాగ్ కారులో ఉందా?

3. చేరిన తరువాత

ద్వారం దగ్గర టేబుల్ కేటాయించే హోస్ట్‌కు మీ పేరు, ఎంతమంది వచ్చారో చెప్పండి. పసిబిడ్డను కూడా లెక్కలో చేర్చి, హై చెయిర్ కావాలని అప్పుడే అడగండి. సోఫాల్లాంటి బూత్‌లలోకి జరుగుతూ వెళ్లి కూర్చోవడం, లేవడం పెద్దవారికి కష్టం. "టేబుల్ విత్ చెయిర్స్, ప్లీజ్" అని ముందే చెబితే కుర్చీలున్న చోటు చూస్తారు. టేబుల్ సిద్ధమైనప్పుడు ఫోనుకు సందేశం వస్తుంది కనుక, మాల్‌లో మరీ దూరం వెళ్లకండి.

నిరీక్షించే సమయం వృథా కాదు. ద్వారం దగ్గరే చీజ్‌కేకులు పేర్చిన అద్దాల బీరువా ఉంటుంది. అందరినీ దాని ముందుకు తీసుకువెళ్లి చూపించండి. మెనూలోని పేర్లు చదివి ఎంచుకోవడం కంటే, కంటితో చూసి ఎంచుకోవడం పిల్లలకు, పెద్దవారికి సులభం.

నిరీక్షణ గంటన్నర అని చెబితే, మీకు కావలసింది తీపి మాత్రమే అయితే, టేబుల్ కోసం ఆగనవసరం లేదు. ఆ బీరువా దగ్గరే ముక్కలు పార్సిల్ కట్టించుకుని వెళ్లవచ్చు.

4. కూర్చున్న మొదటి పది నిమిషాలు

అమెరికాలో మంచినీళ్లు అంటే గ్లాసు నిండా ఐసు ముక్కలతో వస్తాయి. "నో ఐస్" అని గానీ, "హాట్ వాటర్" అని గానీ అడగండి. ఇందులో మొహమాటపడవలసింది ఏమీ లేదు.

తరువాత ఒక బుట్టలో రొట్టె వస్తుంది. పైన ఓట్స్ చల్లిన, తియ్యటి ముదురు గోధుమరంగు రొట్టె ఒకటి, పుల్లని తెల్ల రొట్టె ఒకటి, పక్కన వెన్న. దీనికి డబ్బు తీసుకోరు, అడిగితే మళ్లీ తెస్తారు. వెచ్చగా ఉన్న ఆ రొట్టెకు వెన్న రాసుకుని ఒకటి తరువాత ఒకటి తినడం దగ్గరే చాలామంది భోజనం అయిపోతుంది. మనిషికి ఒక్క ముక్క అని నియమం పెట్టుకోండి. బాగా నచ్చితే వెళ్లేటప్పుడు మిగతావాటితో కలిపి కట్టించుకోండి.

ఇప్పుడు మెనూను చివరి పేజీల నుంచి తెరవండి. తీపి పదార్థాలు ఉండేది అక్కడే. ప్రతి వంటకం పక్కన కాలరీల అంకె ఉంటుంది. 20, అంతకు మించి శాఖలున్న రెస్టారెంట్లన్నీ ఇలా ముద్రించాలన్న సమాఖ్య నిబంధన 2018 మే నుంచి అమలులో ఉంది. ఒక చీజ్‌కేక్ ముక్కకే వెయ్యి కాలరీలు దాటేవి చాలా కనిపిస్తాయి. ఆ అంకె చూశాక ముక్క మనిషికొకటి కావాలా, ఇద్దరికొకటి చాలా అన్నది మీకే తెలిసిపోతుంది. ముక్కలు నిర్ణయించుకున్న తరువాతే ముందు పేజీలకు రండి.

5. శాకాహారులు, గుడ్డు ముట్టనివారు

ఎక్కువ జాగ్రత్త అవసరమైనది ఇక్కడే. అమెరికాలో "వెజిటేరియన్" అంటే మాంసం, చేప లేనిది అని మాత్రమే అర్థం. గుడ్డు దానిలో భాగమే. మా అమ్మ తొలిసారి వచ్చినప్పుడు ఒక రెస్టారెంటులో కూరగాయల సూప్ అని చెప్పి తెచ్చినదాన్ని సగం తాగిన తరువాత, అది కోడిమాంసం ఉడికించిన నీటితో చేసినదని తెలిసింది. ఆవిడ ఎవరినీ ఏమీ అనలేదు గానీ, ఆ పూట మరేమీ తినలేదు. అప్పటి నుంచి నేను వంటకం పేరును నమ్మడం మానేసి, అందులో ఏముందో అడగడం అలవాటు చేసుకున్నాను.

సర్వర్‌తో చెప్పవలసిన మాట స్పష్టంగా ఉండాలి: "నో మీట్, నో చికెన్, నో ఫిష్, నో ఎగ్, నో చికెన్ బ్రాత్". గుడ్డు తినేవారైతే ఆ ఒక్క మాట తీసేయండి. సర్వర్‌కు సందేహం ఉన్నట్టు కనిపిస్తే, వంటగదిలో కనుక్కుని రమ్మని అడగండి. అడిగితే విసుక్కుంటారేమోనని భయపడవద్దు. ఇది వారికి రోజూ ఉండే పనే.

విడిగా అడగవలసినవి ఇవి:

- సూప్, అన్నం: కోడిమాంసం నీటితో ఉడికించారా?
- సీజర్ సలాడ్: దాని డ్రెస్సింగ్‌లో సాధారణంగా ఆంకోవీ అనే చిన్న చేప ఉంటుంది.
- థాయ్, చైనా తరహా వంటకాలు: చేప సాస్ గానీ, ఆయిస్టర్ (ఆల్చిప్ప) సాస్ గానీ వేశారా?
- వేపుళ్లు: మాంసం వేయించిన నూనెలోనే వేయిస్తారా?
- పార్మెజాన్, రొమానో చీజ్: వీటిని సంప్రదాయంగా దూడ కడుపు నుంచి తీసే రెనెట్‌తో విరుస్తారు. పట్టింపు ఉన్నవారు "నో పార్మెజాన్" అని చెప్పాలి.

ఇక తినదగినవి చూద్దాం. ఎవెలిన్స్ ఫేవరెట్ పాస్తాలో బ్రోకలీ, వంకాయ, టొమాటో, క్యాప్సికం, ఆలివ్‌లు, వెల్లుల్లి ఉంటాయి. క్రీము బరువు లేనందున తీపికి ముందు తినడానికి నేను మొదట సూచించేది ఇదే. ఫోర్ చీజ్ పాస్తా పిల్లలకు నచ్చుతుంది గానీ, చీజ్ మీద చీజ్‌కేక్ అయితే పెద్దవారికి మొహం మొత్తుతుంది.

అవకాడో ఎగ్‌రోల్స్ అన్న పేరు చూసి మనవాళ్లు పేజీ తిప్పేస్తారు. లోపలి కూరలో అవకాడో, ఎండబెట్టిన టొమాటో, ఉల్లిపాయ, కొత్తిమీర ఉంటాయి, నంజుకోవడానికి చింతపండు, జీడిపప్పు కలిపిన సాస్ ఇస్తారు. మన నాలుకకు ఆ మెనూలో అన్నిటికంటే దగ్గరగా ఉండే రుచి అదే. అయితే పైనున్న పొరలో గుడ్డు ఉందో లేదో, గుడ్డు ముట్టనివారు అడిగి తీరాలి.

కారం విషయానికి వస్తే, ఏది చెప్పినా మనకు చప్పగానే ఉంటుంది. ఎండుమిర్చి పలుకులు, టబాస్కో అనే కారం సాస్, కోసిన హలపీన్యో మిరపకాయలు అడిగితే తెచ్చిస్తారు.

గుడ్డు ముట్టనివారికి ఒక్క సంగతి ముందే చెప్పాలి: చీజ్‌కేక్ ముద్ద గట్టిపడి నిలబడేది గుడ్డు వల్లనే. క్రీమ్ చీజ్, చక్కెర, గుడ్డు కలిపి ఓవెన్‌లో కాల్చే పదార్థం అది. పెద్దవారికి ఈ విషయం ఇంట్లోనే చెప్పి, వారికోసం తాజా స్ట్రాబెర్రీల గిన్నె వంటిది అడగాలని అనుకుని వెళ్లండి. అందరి ముందూ ముక్క వచ్చాక చెప్పి వారిని ఇబ్బంది పెట్టకండి.

6. ఎంత ఆర్డరు చేయాలి

అక్కడి ఒక మామూలు పళ్లెం మన ఇంట్లో ఇద్దరి భోజనం. నలుగురున్న కుటుంబానికి ఒక స్టార్టర్, రెండు ప్రధాన వంటకాలు, రెండు చీజ్‌కేక్ ముక్కలతో మొదలుపెట్టండి. చాలకపోతే మూడో పళ్లెం అప్పుడు చెప్పవచ్చు. వచ్చినదాన్ని వెనక్కి పంపలేరు. ఆరుగురికి మూడు పళ్లేలు, మూడు ముక్కలు సరిపోతాయి.

తక్కువ తినాలనుకునేవారికి స్కినీలిషియస్ అనే విడి విభాగం ఉంది. అందులోని ప్రధాన వంటకాలు 590 కాలరీలకు లోపే ఉండేలా చేస్తారు. తీపి పూర్తిగా తినాలన్న పట్టుదల ఉన్నవారు భోజనం ఇందులోంచి ఎంచుకోవడం తెలివైన పని.

7. చీజ్‌కేక్ ఎంచుకోవడం

ఎప్పుడూ తినని పెద్దవారు "అది ఎలా ఉంటుందిరా?" అని అడిగితే, నేను జున్నుతో పోల్చి చెబుతాను. ముర్రుపాల జున్నులాగే పాల ముద్దే గానీ ఇంకా చిక్కగా, నాలుక మీద మెల్లగా కరుగుతూ, కాస్త పులుపు తగులుతుంది. అడుగున బిస్కెట్ పొడిని వెన్నతో కలిపి అదిమిన పొర ఉంటుంది. మిరియాలు, యాలకులు ఉండవని కూడా చెప్పండి, లేకపోతే వాటికోసం వెతుక్కుంటారు.

మొదటిసారి వెళ్లినవారు ఒక ముక్క సాదాది, ఒక ముక్క రుచులు కలిపినది తీసుకోవాలి. రెండూ చాక్లెట్‌వి, రెండూ పండ్లవి తీసుకుంటే తేడా తెలియదు.

ఒరిజినల్ అన్నదానిలో కేక్ అసలు రుచి తెలుస్తుంది. తాజా స్ట్రాబెర్రీది దాని మీదే పండ్లు పేర్చి ఇచ్చేది. పండు పులుపు వల్ల మొహం మొత్తదు. అమ్మానాన్నలకు మొదటి ముక్కగా నేను ఎప్పుడూ ఇదే చెబుతాను. చాక్లెట్ ఇష్టమైన పిల్లలకు గొడైవా, ఓరియో రకాలు ఉన్నాయి. రెడ్ వెల్వెట్‌లో కేకు పొరలు, చీజ్‌కేక్ పొరలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, ముగ్గురు పంచుకున్నా సరిపోయేంత బరువు. వేరుశెనగ వెన్న ఉన్న రకాలు కొన్ని ఉన్నాయి కనుక ఆ అలర్జీ ఉన్నవారు సర్వర్‌కు ముందే చెప్పాలి. బీరువాలో అన్నీ పక్కపక్కనే ఉంటాయి. గుమ్మడికాయ రకాలు శరదృతువులోనే వస్తాయి.

మామిడి పేరు కనబడగానే మనవాళ్ల చేయి మ్యాంగో కీ లైమ్ మీదికి వెళుతుంది. కొబ్బరి అడుగు పొర మీద నిమ్మ పులుపుతో మంచి రుచి అది. కానీ పైనున్న మామిడి మూస్ వంటి నురుగు పొరల్లో పశువుల నుంచి తీసే జెలటిన్ వాడే అలవాటు బేకరీల్లో ఉంది. శాకాహారులు అడగకుండా చెప్పవద్దు. కాఫీ రుచి ఉండే టిరమిసు రకాలలో మద్యం కలుపుతారు. మద్యం ముట్టనివారికి, పిల్లలకు అవి వద్దు.

చక్కెర వ్యాధి ఉన్నవారి కోసం చక్కెర కలపని లో-లిషియస్ అనే రకం ఉంది. అది కొవ్వు లేనిది కాదు. సగం ముక్కతో ఆపడమే క్షేమం.

8. పంచుకోవడం, తినడం

ఒకే ముక్కలో నాలుగు ఫోర్కులు గుచ్చి తినడం అక్కడ మామూలే గానీ, ఎంగిలి పట్టింపు ఉన్న పెద్దవారు ఆ పళ్లెం వైపు చెయ్యి చాపరు, ఎందుకు చాపలేదో కూడా చెప్పరు. ముక్క వచ్చేముందే "ఎక్స్‌ట్రా ప్లేట్స్, ఎ నైఫ్" అని అడిగి, ఎవరూ ఫోర్కు పెట్టకముందే కోసి పంచండి.

కోసే పద్ధతి ఇది: కత్తిని వేడినీళ్ల కప్పులో ఒక్క క్షణం ముంచి, నాప్‌కిన్‌తో తుడిచి, మొన నుంచి వెనుక అంచు వరకు నిలువుగా ఒకే ఒత్తుతో దించండి. రంపంలా ముందుకు వెనక్కు ఆడిస్తే పొరలు కలిసిపోతాయి. ప్రతి కోతకూ మళ్లీ ముంచి తుడవండి. అడుగు పొర దగ్గర కాస్త గట్టిగా నొక్కాలి.

ముక్క చాలా చల్లగా వస్తే అయిదు నిమిషాలు ఆగండి, అప్పుడే రుచి తెలుస్తుంది. పక్కన గుట్టగా పెట్టే క్రీము అవసరం లేకపోతే "విప్డ్ క్రీమ్ ఆన్ ది సైడ్" అనండి. తోడుగా చక్కెర లేని కాఫీ తాగితే నాలుక తేటపడి, తరువాతి ముద్ద మళ్లీ మొదటి ముద్దలా ఉంటుంది.

9. జరిగే పొరపాట్లు, సవరణలు

*చెప్పినది ఒకటి, వచ్చినది ఒకటి.* తినడం మొదలుపెట్టకముందే సర్వర్‌ను పిలిచి చెప్పండి. మొహమాటంతో సగం తిని చెబితే సవరించడం వారికీ కష్టం.

*భోజనంతోనే కడుపు నిండిపోయింది.* ముక్కలను పార్సిల్‌గా మార్చమనండి. క్రీమును విడి డబ్బాలో ఇవ్వమని అడగండి.

*పాస్తా చప్పగా, జిడ్డుగా ఉంది.* నిమ్మముక్కలు, ఎండుమిర్చి పలుకులు అడగండి. ఈ రెండూ పడితే సగం బాధ తీరుతుంది.

*పుట్టినరోజు అని చెప్పడం మరిచిపోయారు.* బిల్లు రాకముందు ఎప్పుడు చెప్పినా ఫరవాలేదు. రెస్టారెంట్‌వారు తమ ఖాతాదారులకు కానుకలిచ్చే రివార్డ్స్ సభ్యత్వం ఉచితం. పుట్టినరోజు కానుక కావాలంటే ఆ రోజు టేబుల్ దగ్గర కాకుండా ముందే చేరి ఉండండి.

10. బిల్లు, టిప్పు

టిప్పు 18 నుంచి 20 శాతం ఇవ్వాలి. దీన్ని దయతో ఇచ్చేదిగా చూడకూడదు. టెక్సస్ వంటి రాష్ట్రాల్లో టిప్పులు అందుకునే ఉద్యోగికి యజమాని గంటకు 2.13 డాలర్లు చెల్లిస్తే చట్టానికి సరిపోతుంది. మిగతా జీతం మన చేతి నుంచి వెళ్లేదే.

లెక్క పన్ను కలపని మొత్తం మీద వేయండి. తిన్నది 80 డాలర్లు అనుకుందాం. పన్ను 8.25 శాతం అయితే 6.60 డాలర్లు. టిప్పు 18 శాతం అంటే 14.40 డాలర్లు. మొత్తం 101 డాలర్లు. మెనూలో 80 చూసి బయల్దేరినవారు 100కు పైన సిద్ధపడి ఉండాలన్నమాట.

కార్డు ఇస్తే సర్వర్ తీసుకువెళ్లి రెండు కాగితాలు తెస్తారు. మర్చంట్ కాపీ అని ఉన్నదాని మీద టిప్పు, మొత్తం రాసి, సంతకం చేసి టేబుల్ మీద వదిలేయండి. రెండోది మీది. పెద్ద గుంపుగా వెళ్లినప్పుడు గ్రాట్యుటీ (అంటే వారే కలిపిన టిప్పు) అన్న వరుస బిల్లులో ముందే ఉందేమో చూడండి. ఉంటే మళ్లీ టిప్పు రాయనవసరం లేదు.

11. మిగిలినవి ఇంటికి తెచ్చి దాచుకోవడం

పాలతో చేసిన పదార్థం బయట రెండు గంటలకు మించి ఉండకూడదు. బయట వేడి 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే ఒక్క గంటే. ఒక జూలై మధ్యాహ్నం మేము పార్సిల్‌ను కారు వెనుక సీటులో ఉంచి మాల్‌లోకి మళ్లీ వెళ్లాము. వచ్చేసరికి నాన్నగారు సాయంత్రం కాఫీతో తిందామని దాచుకున్న ముక్క డబ్బాలో గంజిలా అయిపోయింది, పారేయవలసి వచ్చింది. కొనుగోళ్లు ఉంటే ముందు ముగించుకోండి. భోజనం తరువాత నేరుగా ఇంటికే.

ఫ్రిజ్‌లో 40 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు మించకుండా, మూత గట్టిగా పెట్టి ఉంచితే ముక్కలు, పాస్తా మూడు నాలుగు రోజులు ఉంటాయి. ఉల్లిపాయ తరిగిన గిన్నె పక్కన చీజ్‌కేక్ పెట్టకండి, వాసన వెంటనే పట్టేస్తుంది. పాస్తాను వేడిచేసేటప్పుడు రెండు చెంచాల పాలు గానీ నీళ్లు గానీ చిలకరించండి. వేయించిన రోల్స్‌ను మైక్రోవేవ్‌లో పెడితే మెత్తబడతాయి. ఓవెన్‌లో గానీ ఎయిర్ ఫ్రయర్‌లో గానీ వేడిచేయండి.

ఎక్కువ రోజులు ఉంచాలంటే ఫ్రీజర్‌లో పెట్టవచ్చు. క్రీమును, పైనున్న పండ్లను తీసేసి, ముక్కను మూత లేకుండా ఒక గంట గడ్డకట్టనివ్వండి. తరువాత ప్లాస్టిక్ పొరతో గాలి చొరకుండా చుట్టి, ఫ్రీజర్ సంచిలో పెట్టి, పైన తేదీ రాయండి. నెలలోపు తినేయండి. తినాలనుకున్న ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లోకి మార్చితే, ఉదయానికి కోసేందుకు వీలుగా మెత్తబడి ఉంటుంది.